ఒకటి దగ్గర ఆగిన కుర్చీ

ఆ రోజుకి లెక్కలాయన వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళాలి. నిన్న సాయంత్రం కంప్యూటర్లో పెట్టిన ఆటోమేటిక్ ఎంట్రీలు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోవాలి. బీరువా తాళాలు చిన్నమ్మగారి చేతిలో పెట్టాలి. మధ్యాహ్నం అన్నం డబ్బా ఖాళీ చెయ్యాలి. సాయంత్రం ఎవరి మొహంలోకీ ఎక్కువసేపు చూడకుండా ఇంటికి వచ్చెయ్యాలి. ఉద్యోగంలో అది ఆయన ఆఖరి రోజు.

నిజానికి ఆయన్ని కలవరపెడుతున్నది ఆ రోజు కాదు, మర్నాడు. రేపటినుంచి ఎక్కడ కూర్చోవాలన్నది ఆయనకి తేలడం లేదు. ఇంట్లో కుర్చీలు లేక కాదు. పనిచేసేదే కుర్చీలు తయారుచేసే కంపెనీ కాబట్టి ఉండవలసినదానికన్నా ఎక్కువే ఉన్నాయి. కానీ వాటన్నిటిమీదా ఆయన భార్య కుట్టుపని కూర్చుని ఉంటుంది. ఒకదానిమీద కత్తిరించని గుడ్డ, ఇంకోదానిమీద కత్తిరించిన గుడ్డ, మరోదానిమీద ఎప్పుడో కుట్టేసినా ఎవరూ వచ్చి తీసుకెళ్ళని చొక్కాలు. ఖాళీగా కనిపించింది కదా అని దేనిమీదైనా కూర్చుంటే అక్కడ గుండుసూదులుంటాయి.

"సాయంత్రం ఎన్నింటికొస్తారు?" అంది ఆవిడ, పెదాల మధ్య సూదులు పెట్టుకునే.

"మామూలుగానే."

"మరి రేపు?"

"రేపు వెళ్తేగా, రావడానికి."

ఆవిడ కుడుతున్న గుడ్డ ఒళ్ళో పెట్టుకుని గదంతా ఒకసారి కలయజూసింది. "అయితే రోజంతా ఇంట్లోనేనన్నమాట. ఎక్కడ కూర్చుంటారో ఏమో," అంది.

ఆ గొంతులో విసుగు వినిపించింది లెక్కలాయనకి. తప్పుపట్టాలనిపించలేదు. పగలంతా ఆ ముందుగది ఆవిడ రాజ్యం. ఆవిడ మిషను, ఆవిడ రేడియో, కొలతలకొచ్చి కష్టసుఖాలు చెప్పుకుని వెళ్ళే ఆవిడ గిరాకీలు. అందులోకి తనొక పాత బీరువాలా వచ్చి పడబోతున్నాడు. చెప్పులు వేసుకుంటూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ ఆయనకేసి చూడటం లేదు. కిటికీకేసి చూస్తోంది.

లెక్కలాయనకి వృత్తిలో ఒక బలహీనత ఉంది. కంపెనీలో బల్ల కొన్నా ఫ్యాను కొన్నా, వాడకంలో అరిగిపోతుంది కాబట్టి దాని విలువని ఏటేటా కొంత తగ్గించి పుస్తకంలో రాయాలి. దాన్ని తరుగుదల అంటారు. తగ్గించుకుంటూ పోతే ఒకనాటికి సున్నా వస్తుంది. సున్నా వచ్చిన వస్తువుకి పుస్తకంలో చోటు ఉండదు. ఆ సున్నా రాయడానికి ఆయనకి చెయ్యి వచ్చేది కాదు. నెత్తిమీద ఫ్యాను గాలి విసురుతూనే ఉంటుంది, కిందనేమో అది లేదని రాయాలి. అందుకని ప్రతిదాన్నీ ఒకటి దగ్గర ఆపేసేవాడు. విలువ, ఒకటి. అక్కడినుంచి ఎన్నేళ్ళు గడిచినా ఆ ఒకటిని ముట్టుకునేవాడు కాదు. ఆడిటర్లు కూడా అభ్యంతరం చెప్పలేదు, చాలా కంపెనీల్లో ఉన్న పద్ధతే. ఫలితంగా ఆ ఆఫీసులో సగానికి పైగా సామాను విలువ ఒకటి.

నిన్న సాయంత్రం ఆయనా చిన్నమ్మగారూ కంప్యూటరు ముందు కూర్చున్నారు. చిన్నమ్మగారంటే యజమాని కూతురు. తండ్రి ఓపిక తగ్గి ఇంటిపట్టున ఉండిపోయాక ఆయన కుర్చీలోకి వచ్చింది. లెక్కలాయన్ని చిన్నప్పటినుంచీ బాబాయ్ అనే పిలుస్తుంది.

"మీరు వెళ్ళాక ఈ ఎంట్రీలన్నీ ఎవరు రాస్తారు బాబాయ్? నావల్ల కాదు. దాన్నే రాసుకోమందాం," అంది.

దానికి రెండు నియమాలు నేర్పారు. మొదటిది, నెలనెలా తరుగుదల ఎంత అయితే అంత లెక్కగట్టి, ఒక ఖాతాలో డెబిట్టు, ఇంకో ఖాతాలో క్రెడిట్టు దానంతటదే వేసి జనరల్ లెడ్జరు అనే పెద్ద పద్దు పుస్తకానికి చేర్చాలి. రెండోది, విలువ సున్నా అయిన వస్తువుని తొలగించినట్టు రాసి, దాన్ని బయటపెట్టమని స్టోరుకి చీటీ పంపాలి, ఆ వస్తువు ఎవరి పేరుమీద ఉందో వాళ్ళకి ఫోన్లో కబురు చెయ్యాలి. రెండు నియమాలకీ మధ్య 'మిగులు విలువ' అని ఒక గడి ఖాళీగా కనిపించింది.

"ఇక్కడేం రాయాలి బాబాయ్?"

"ఇంక మనకి మిగిలేదేముందమ్మా, వదిలెయ్," అన్నాడు లెక్కలాయన. ఆయన మనసు అప్పటికే ఆఖరి రోజు సాయంత్రం మీద ఉంది.

ఆ ఒకటి సంగతి ఆయన ఎక్కడా నియమంగా రాసుకోలేదు. అది ఆయన చేతిలో ఉండేది. కంప్యూటరుకి చెయ్యి లేదు. తెల్లారేసరికి అది కంపెనీలోని ఒకట్లన్నిటినీ అరిగిపోయాయని తీసేసి, సున్నాలన్నిటికీ చీటీలు రాసి, స్టోరు గదిలో ప్రింటరు నోట్లోంచి వరసగా బయటికి తోసింది.

స్టోరు చూసే మనిషిని అందరూ చీటీలాయన అంటారు. చీటీ లేకపోతే మేకు ఇవ్వడు. చీటీ ఉంటే గోడ ఊడదీసి ఇస్తాడు. లెక్కలాయన గేటులోకి అడుగుపెట్టేసరికి ఆయన తోపుడుబండి మీద మంచినీళ్ళ స్టాండు పెట్టుకుని వెనక ఆవరణకి తోలుకుపోతున్నాడు.

"ఏంటయ్యా పొద్దున్నే?"

"చేతినిండా పని గురువుగారూ. నా సర్వీసులో ఒక్కపూట ఇన్ని చీటీలు చూడలేదు," అని ఆగకుండా వెళ్ళిపోయాడు.

లెక్కలాయన ఆలోచించాడు. ఇవాళ గ్రంథాలయాల పెద్దావిడ వస్తోంది. కొత్తగా కడుతున్న పెద్ద పఠనశాలకి కుర్చీలు ఎవరి దగ్గర కొనాలో చూసుకోవడానికి. ఆవిడ కంట పడకుండా చిన్నమ్మగారు పాత సామాను తీయించేస్తున్నట్టుంది అనుకున్నాడు. లోపలికి వెళ్ళేసరికి ఫైళ్ళ అర గోడ వదిలి వెళ్ళిపోతోంది. చిన్నమ్మగారు గుమ్మంలో నిలబడి దానికి దారి ఇస్తోంది. వెళ్ళిపోయేముందు బాబాయ్ ఆఫీసంతా శుభ్రం చేయించి అప్పగిస్తున్నాడు కాబోలనుకుంది ఆవిడ.

"పాతవన్నీ తీసేస్తే గది విశాలంగా ఉంటుంది కదా బాబాయ్," అంది మెప్పుగా.

"అవునమ్మా, మంచి ఆలోచన," అన్నాడు ఆయన ఇంకా మెప్పుగా.

ఒకరి ఆలోచనని ఒకరు మెచ్చుకుని ఇద్దరూ పనిలో పడ్డారు. గోడగడియారం వెళ్ళింది. వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ వెళ్ళింది. బిల్లులు రాసే అమ్మాయి కాసేపు పక్కకి వెళ్ళొచ్చి కూర్చోబోయి, కుర్చీ ఉండవలసిన చోటుని చేత్తో తడిమి చూసి, నోరెత్తకుండా కిటికీ గట్టుమీద బిల్లు పుస్తకం పెట్టుకుని నిలబడి రాయడం మొదలుపెట్టింది. ఫ్యాను దించడానికి చీటీలాయన నిచ్చెన వేసుకున్నప్పుడు మాత్రం ఆ అమ్మాయి, "నాకు ఉక్కపోస్తుందండీ," అంది. చీటీలాయన చీటీ చూపించాడు. అందులో ఉక్కపోత గురించి ఏమీ లేదు.

ఇంతలో చిన్నమ్మగారికి ఫోనొచ్చింది. లోపల మాట సరిగ్గా వినబడదని వరండాలోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆవిడ గదిలో తండ్రి కుర్చీ లేదు. చేతులు ఆనే చోట రంగు వదిలి నున్నగా తేరిన కుర్చీ అది. చిన్నప్పుడు బడినుంచి నేరుగా ఇక్కడికే వచ్చి అందులో ముడుచుకుని నిద్రపోయేది. ఆవిడ ఆ ఖాళీలో కొంచెంసేపు నిలబడింది. నాన్నని ఎరిగిన మనిషి బాబాయ్, ఆయనే తీయించాడంటే ఏదో ఉండే ఉంటుంది, నాన్న ఇంక రారని నాకు మెల్లగా చెప్పడం కాబోలు అనుకుంది. అడగడానికి నోరు రాలేదు.

అదే సమయానికి లెక్కలాయన చేతులు కడుక్కుని తన చోటికి వచ్చాడు. నేలమీద నాలుగు కాళ్ళూ ఆనిన చోట నాలుగు తెల్లటి మచ్చలున్నాయి. కుర్చీ లేదు. సాయంత్రందాకా ఆగలేకపోయారన్నమాట, అనుకున్నాడు. బల్లమీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. కాసేపటికి బల్ల కూడా వెళ్ళింది. డబ్బా సంచీ గుండెలకి ఆనించుకుని, రైలు తప్పిపోయిన మనిషిలా గది మధ్యలో మిగిలాడు.

చిన్నమ్మగారు వచ్చింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. కూర్చోమని మర్యాద చెయ్యడానికి ఇద్దరి దగ్గరా ఏమీ లేదు.

"నాన్నగారి కుర్చీ బాగా పాతబడిపోయింది లెండి," అంది ఆవిడ.

"నాది మాత్రం కొత్తదా అమ్మా. వెళ్ళవలసిందే," అన్నాడు ఆయన.

"మీదీనా? మీ కుర్చీ మీరే తీయించేసుకున్నారా?"

"నేనెందుకు తీయిస్తానమ్మా? నువ్వు తీయించావనుకున్నాను."

"నేను తీయిస్తానా బాబాయ్, ఇవాళ?"

ఆ మాటకి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అప్పుడే చీటీలాయన తోపుడుబండి తోసుకుంటూ లోపలికి వచ్చాడు. నుదురు తుడుచుకున్నాడు.

"ఒక్క సందేహం గురువుగారూ. ఈ చీటీలో తోపుడుబండిని వెనక పెట్టమన్నారు. దేనిమీద పెట్టి తీసుకెళ్ళమంటారు?"

లెక్కలాయన ఆ చీటీ అందుకున్నాడు. విలువ, సున్నా. చీటీలాయన జేబులోంచి కట్ట తీయించి ఒక్కొక్కటీ తిరగేశాడు. గడియారం సున్నా, బెంచీ సున్నా, యజమాని కుర్చీ సున్నా, తన కుర్చీ సున్నా. కూర్చోవాలనిపించింది. ఏమీ లేకపోవడంతో నేలమీదే చతికిలపడ్డాడు.

"ఆ ఒకటి," అన్నాడు.

"ఏ ఒకటి బాబాయ్?"

చెప్పాడు. చిన్నమ్మగారు విన్నది. నిన్న ఖాళీగా వదిలేసిన 'మిగులు విలువ' గడి గుర్తొచ్చింది, ఆ ఒకటి ఉండవలసింది అందులోనే. తండ్రి కుర్చీని ఎవరూ పంపలేదని తెలిసి ముందుగా ఆవిడకి నవ్వొచ్చింది.

"ఇంతేనా? లేవండి. గడిలో ఒకటి వేద్దాం, తిరుగు చీటీలు తీద్దాం, అన్నీ వాటి చోటికి వచ్చేస్తాయి," అని కంప్యూటరు గదిలోకి నడిచింది. అక్కడ గోడకి ఒక వైరు వేలాడుతోంది.

"కంప్యూటరేది?"

"దానికీ చీటీ వచ్చిందండి," అన్నాడు చీటీలాయన.

"దాన్ని వెనక్కి తెచ్చెయ్యండి."

"తప్పకుండా. తిరుగు చీటీ ఇప్పించండి."

"తిరుగు చీటీ ఇవ్వవలసింది ఆ కంప్యూటరే కదండీ."

"అయితే దాన్నే అడగండి. నాకేం అభ్యంతరం లేదు."

"నేను చేత్తో రాసిస్తానయ్యా," అన్నాడు లెక్కలాయన.

"చేత్తో రాసినవి నిన్నటితో చెల్లవని మీరే కాగితం పంపారు కదా గురువుగారూ. కింద సంతకం కూడా మీదే. మీ సంతకాన్ని నేను కాదనగలనా?"

అందరూ వెనక ఆవరణకి నడిచారు.

చీటీలాయనకి సద్దడంలో ఒక పద్ధతి ఉంది. దేన్ని ఎక్కడినుంచి తెచ్చాడో మరిచిపోకుండా, గదిలో ఉన్న వరసలోనే బయటా పెట్టాడు. కంప్యూటరుకి ఎడంపక్క ఫైళ్ళ అర, దాని పక్క మంచినీళ్ళ స్టాండు, ఎదురుగా బెంచీ. గోడలూ కప్పూ తప్ప ఆఫీసంతా ఆవరణలో ఉంది. లోపలినుంచి పొడుగు వైరు లాగి కంప్యూటరుకి తగిలించారు. అది మెల్లగా మేలుకోవడం మొదలుపెట్టింది. చిన్నమ్మగారు తండ్రి కుర్చీలో కూర్చుంది. బిల్లుల అమ్మాయి తన కుర్చీ వెతుక్కుని, కాళ్ళు చాపి, హమ్మయ్య అంది. లెక్కలాయన కుర్చీ ఒక్కటే ఆ వరసలో లేదు. అది గేటు పక్కన విడిగా ఉంది. ఆ సామానంతటిలో ఒక మనిషి పేరుమీద, అంటే ఆయన పేరుమీద, ఉన్న వస్తువు అదొక్కటే కాబట్టి, సొంతదారు వచ్చి తీసుకెళ్ళేవరకు అని దానికి కాగితం అంటించి ఉంది. దూరంనుంచి చూస్తే ఎవరో దాన్ని వదిలేసి వెళ్ళిపోయినట్టే ఉంది. ఆయన దాని దగ్గరికి వెళ్ళలేదు. బెంచీ చివర కూర్చున్నాడు.

గ్రంథాలయాల పెద్దావిడ అప్పుడే వచ్చింది. ముందుగదిలో కూర్చోబెట్టడానికి ఏమీ లేదు. ఆవిడ పిలుపు విని లోపలికి పరిగెత్తిన బిల్లుల అమ్మాయి, వేరే దారిలేక ఆవిడని నేరుగా ఆవరణలోకి తీసుకొచ్చింది. పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని ఆ సామానంతా చూసింది.

"ఇవి అమ్మకానికా?"

"కాదండీ, తీసిపారేసినవి," అన్నాడు చీటీలాయన. ఆయన ఏనాడూ అబద్ధం చెప్పలేదు. చిన్నమ్మగారి మొహం పాలిపోయింది.

పెద్దావిడ బెంచీని ఊపి చూసింది. కదల్లేదు. బిల్లుల అమ్మాయి కుర్చీని తలకిందులు చేసి కీళ్ళు చూసింది. ఆపైన అందులో కూర్చుని వెనక్కి వాలి, ముందుకి వంగి, మళ్ళీ వాలింది. "ఎందుకు పారేశారు?"

"విలువ సున్నా అండి."

"సున్నాయా? ఎన్నాళ్ళు వాడారేమిటి?"

లెక్కలాయన లేచి నిలబడ్డాడు. "లెక్కలో సున్నా అండి, నా పొరపాటు. వాడకంలో కాదు. మీరు కూర్చున్న కుర్చీలో ముగ్గురు బిల్లులు రాసి వెళ్ళారు, ఈ అమ్మాయి నాలుగోది. అదిగో, చిన్నమ్మగారు కూర్చున్న కుర్చీలో ఆవిడ చిన్నప్పుడు నిద్రపోయేది. ఇప్పుడు అందులోంచే కంపెనీ నడుపుతోంది. ఒక్క మేకు కూడా మార్చలేదు."

పెద్దావిడ కుర్చీ చేతులమీద అరచేతులు ఆనించింది. "కొత్త కుర్చీ ఎవరైనా చూపిస్తారు. తిరిగిన ప్రతిచోటా మెరుపులే చూపించారు. పాతవి బయట పేర్చి చూపించింది మీరొక్కరే. మాకు వచ్చేవాళ్ళ సంగతి మీకు తెలీదు. ఒకసారి కూర్చుంటే పుస్తకం అయ్యేదాకా లేవరు. పుస్తకంకంటే ముందు కుర్చీ అయిపోకూడదు," అంది. తర్వాత ఎన్ని కావాలో చిన్నమ్మగారితో మాట్లాడింది. చిన్నమ్మగారు రెండుసార్లు ఎన్నీ అని అడిగింది, నమ్మలేక.

పెద్దావిడని సాగనంపి వచ్చేసరికి గేటు దగ్గర లెక్కలాయన భార్య ఉంది. మెడలో కొలత టేపు అలాగే ఉంది, కొంగుకి సూది గుచ్చి ఉంది, చేతిలో ఫోను. కబుర్లకి నంబరు ఏది ఇవ్వాలని చిన్నమ్మగారు నిన్న అడిగితే, తన ఫోను ఎప్పుడూ సొరుగులో పడి ఉంటుందని లెక్కలాయన భార్య నంబరు ఇచ్చాడు. ఇప్పుడు ఆవిడని చూడగానే ఆయనకి ఆ సంగతి గుర్తొచ్చింది.

"ఏమండీ, మీ కుర్చీని సాయంత్రంలోగా తీసుకెళ్ళకపోతే తుక్కులో వేస్తారట. ఫోన్లో వచ్చింది."

"నేను ఇంటికి తేవడంలేదులే, కంగారుపడకు. నీ గదిలో చోటు లేదని నాకు తెలుసు."

"చోటు లేదని ఎవరన్నారు?"

ఆవిడ ఆయన జవాబు కోసం ఆగలేదు. గేటు పక్కనున్న కుర్చీ ముందు మోకాళ్ళమీద కూర్చుని టేపు లాగింది. వెడల్పు చూసింది, చేతుల మధ్య చూసింది, వీపు ఎత్తు చూసింది. మనుషులకి తీసినట్టే తీసింది.

"పొద్దున్నుంచీ కిటికీ దగ్గర చోటు చేస్తున్నాను. మిషను ఇటు జరిపాను, చొక్కాలన్నీ మూట కట్టాను. ఎవరి చొక్కాలు వాళ్ళకి ఇవాళే పంపించేస్తాను. స్టూలు వేద్దామంటే మీ నడుం పట్టేస్తుంది. ఈ కుర్చీ పడితే ఇంక బెంగలేదు. వెలుతురు మీకూ వస్తుంది, నాకూ వస్తుంది. నేను కుడుతుంటే మీరు నవలలు చదివి వినిపించొచ్చు. రేడియోవాడు మధ్యలో ఆపి పాటలు వేస్తాడు, మీరైతే ఆపరు." టేపు చుట్టుకుంటూ లేచింది. "పడుతుంది. బెత్తెడు మిగులుతుంది కూడా."

"పొద్దున్న విసుక్కున్నావనుకున్నాను," అన్నాడు లెక్కలాయన.

"నోట్లో అన్ని సూదులు పెట్టుకుని ముద్దుగా మాట్లాడమంటారా?"

ఈలోపు కంప్యూటరు పూర్తిగా మేలుకుంది. చిన్నమ్మగారు మిగులు విలువ గడిలో ఒకటి వేసి, తరుగుదల ఎంట్రీలని వెనక్కి తిప్పింది. ప్రింటరు తిరుగు చీటీలు మొదలుపెట్టింది. మొదటిది తోపుడుబండికి వచ్చింది. చీటీలాయన దాన్ని రెండుసార్లు చదివి, తృప్తిగా బండి పట్టుకున్నాడు. లెక్కలాయన కుర్చీ చీటీ రాగానే గేటుకేసి నడిచాడు. అక్కడ లెక్కలాయన భార్య కుర్చీ చెయ్యి వదల్లేదు.

"పిన్నిగారూ, అది ఇవ్వను," అంది చిన్నమ్మగారు వచ్చి రెండో చెయ్యి పట్టుకుని.

"సాయంత్రంలోగా తీసుకెళ్ళమని మీరే అన్నారు కదమ్మా."

"ఆ కంప్యూటరు అన్నది, నేను కాదు. పిన్నిగారూ, ఒక్క ఒకటి మర్చిపోతేనే ఇవాళ ఆఫీసు ఆరుబయటికి వచ్చింది. బాబాయ్ చేతిలో ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో నాకు తెలీదు, ఆయనకీ తెలీదు. నెలాఖరుకి ఎంట్రీలు లెడ్జరుకి వెళ్ళేముందు ఆయన కన్ను పడాలి. ఎన్నాళ్ళని అడక్కండి, నాకు ధైర్యం వచ్చేదాకా."

"నెలాఖరుకైతే పంపుతాను. మిగతా రోజులు కిటికీ దగ్గరే."

"నెలాఖరంటే నాలుగు రోజులు."

"మూడు. నవల మధ్యలో ఆగిపోతుంది."

లెక్కలాయన ఇద్దరికేసీ మార్చి మార్చి చూశాడు. పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరినప్పుడు ఆయనకి కూర్చోవడానికి ఒక్క చోటు లేదు. ఇప్పుడు రెండు చోట్లు ఆయన కుర్చీని చెరోవైపునించీ పట్టుకుని ఉన్నాయి. ఎవరూ ఆయన్ని అడగలేదు. అడగకపోవడమే బాగుందనిపించి, ఆయన వెళ్ళి బెంచీమీద డబ్బా విప్పుకున్నాడు. ఆకలేస్తోందని అప్పుడే తెలిసింది.

చివరికి మూడున్నర రోజులకి ఒప్పందం కుదిరింది. చీటీలాయన గొంతు సవరించుకుని, "ఇంతకీ కుర్చీ ఎక్కడ పెట్టమంటారు? చీటీలో ఒక్క స్థలమే రాయడానికి వీలుంది," అన్నాడు.

ఇప్పటికీ నెలాఖరు వస్తే ఆ కుర్చీ కంపెనీ వ్యానులో ఆఫీసుకి వస్తుంది, లెక్కలు ముగియగానే కిటికీ దగ్గరికి వెళ్ళిపోతుంది. వెనకసీట్లో దాని పక్కన లెక్కలాయన ఉంటాడు, ఒళ్ళో సగం చదివిన నవల. దాని రాకపోకలకి మాత్రం ఎవరూ ఇంతవరకు ఆటోమేటిక్ ఎంట్రీ పెట్టలేదు.